బిల్లు పాసయ్యాక నర్సుల కూటమి ఎందుకు చెదిరిపోతుంది? సమస్యలు - పరిష్కారాలు

సమస్య: మీటింగ్‌కి వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు

నర్సుల పని పరిస్థితుల మీద చట్టం తేవాలని నర్సులు, నర్సింగ్ అధ్యాపకులు, సంఘాలు కలిసి కట్టుకున్న కూటమి గురించి ఇది. "ఎవరికీ ఆసక్తి లేదు" అనే ముందు మీటింగ్ టైమ్ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ వదిలేస్తుంటారు. ఉదయం 11 గంటలకు పెడితే అధ్యాపకులు, సంఘాల నాయకులు వస్తారు. 12 గంటల నైట్ డ్యూటీ చేసి ఇల్లు చేరిన నర్సు ఆ వేళకి నిద్రలో ఉంటుంది. డ్యూటీ రోస్టర్ ముందు పెట్టుకుని టైమ్ మారుస్తూ ఉండండి. రాలేని నర్సు పంపిన వాయిస్ మెసేజ్ కూడా మినిట్స్‌లోకి, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే పుస్తకంలోకి ఎక్కాలి.

సమస్య: భారమంతా ఒక్కరి మీదే

ప్రతి పనికీ ఇద్దరుండాలి. మెయిల్ పాస్‌వర్డ్, శాసనసభ్యుల ఆఫీసు నంబర్లు ఇద్దరి దగ్గరా ఉండాలి.

సమస్య: బిల్లు గెలిచింది, కొన్ని నెలలకే కూటమి ఖాళీ

దీన్ని పట్టుకోవడమే కష్టం. అందరూ అలసట అనుకుని విరామం ప్రకటిస్తారు, ఆ విరామంలోనే కూటమి పోతుంది. అసలు కారణం మొదటి రోజు రాసుకున్న లక్ష్యంలో ఉంది. "బిల్లు పాస్ చేయించాలి" అని రాసుకున్నారు. అది అయిపోయింది. ఇక రేపు ఏం చెయ్యాలో వాలంటీర్‌కి చెప్పేవాళ్లే లేరు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం సంగతి చూడండి. ఒక నర్సుకు ఎంతమంది రోగులుండాలో తేల్చాలన్న చట్టం మీద 1999లో సంతకం పడింది. ఆ అంకెలు తేల్చే పని మాత్రం ఆరోగ్య శాఖకు అప్పగించారు. అవి అమల్లోకి వచ్చేసరికి 2004 జనవరి అయింది. మెడికల్-సర్జికల్ వార్డులో (మామూలు జబ్బులవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఉండే వార్డు) ఒక నర్సుకు ఆరుగురు రోగులు, 2005 నుంచి ఐదుగురు అన్నారు. ఐదుగురి నిబంధనను వాయిదా వేస్తూ 2004 చివర్లో అప్పటి గవర్నర్ ష్వార్జెనెగర్ ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వు తెచ్చింది. నర్సుల సంఘం కోర్టుకెళ్తే 2005లో ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పొచ్చింది. సంతకం పడ్డాక అన్నేళ్లు గట్టిగా నిలబడ్డారు కాబట్టే వార్డులో నర్సుకు ఊపిరాడింది.

అందుకే లక్ష్యాన్ని "వార్డులో అమలయ్యేదాకా" అని ముందే రాసుకోండి. ఓటింగ్‌కి ముందే మనుషుల పేర్లతో పనులు పంచండి. నిబంధనల ముసాయిదా రాగానే చదివి, గడువులోగా అభ్యంతరం పంపేది ఎవరు? వార్డు నుంచి వాంగ్మూలాలు సేకరించేది ఎవరు? "రాత్రి నేను భోజనానికి వెళ్లిన అరగంట నా రోగులు పక్క నర్సు లెక్కలో పడ్డారు" అన్న ఒక్క వాక్యం పది పేజీల వినతిపత్రం కన్నా బాగా పనిచేస్తుంది. రోగుల వివరాలు మాత్రం అందులో రానివ్వకండి. అమలు మొదలయ్యాక ఉల్లంఘనలను తేదీ, షిఫ్ట్‌తో రాసిపెట్టేది ఎవరు? ఏ పనైనా ఒక్క సెలవు రోజులో పూర్తయ్యేంత చిన్నదిగా ఉండాలి. డబుల్ షిఫ్ట్ చేసే మనిషిని అంతకన్నా అడగడం న్యాయం కాదు.

పేరు గొడవలు, లోగో గొడవలు, బైలాస్ (కూటమి నియమావళి) తగాదాలతో కూటమి మూతపడటం అరుదు. అలాంటివి వస్తే ఒక మీటింగ్‌లో ఓటు పెట్టి తేల్చేసి ముసాయిదా పనిలోకి వెళ్లండి.