వైర్‌మ్యాన్ పరీక్షకు చదివే తమ్ముళ్లకు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద మోటార్లు, ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) చూసే పని నాది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పరీక్షకో, వైర్‌మ్యాన్ పర్మిట్‌కో చదివే కుర్రాళ్లు సాయంత్రాలు నా షెడ్డుకి వస్తుంటారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెబుతున్నాను.

ముందు ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు, బాగా నేర్చుకోండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం అదే. భూమిలో పాతే ఎర్త్ ప్లేటు 60 సెం.మీ. చదరం, రాగిదైతే మందం 3.15 మి.మీ., జీఐ (జింకు పూత ఇనుము) అయితే 6.3. మూడు ఫేజుల మోటారు బాడీకి విడివిడిగా రెండు ఎర్త్ కనెక్షన్లు ఉండాలి. ఎందుకో గట్టు మీద మోటారు దగ్గర కూర్చుని చూడండి. ఉప్పునీటి తడికి బోల్టు తుప్పు పట్టి ఒక తీగ ఊడినా, రెండోది మనిషిని కాపాడుతుంది. ఇలా కారణంతో చదివింది పరీక్షలో గుర్తుంటుంది.

లెక్కలకీ ఆ మోటారే చాలు. 2 హెచ్‌పీ అంటే 1492 వాట్లు. 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.8, ఎఫిషియెన్సీ 80 శాతం అయితే లైన్ కరెంటు సుమారు 3.2 ఆంపియర్లు. మూడు ఫేజులు కాబట్టి 1.732 (√3)తో భాగించడం మరవకండి. వచ్చిన జవాబుని నేమ్‌ప్లేటుతో పోల్చుకోండి.

స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారుని ముందు స్టార్ కనెక్షన్‌లో స్టార్ట్ చేసి, తర్వాత డెల్టాకి మార్చేది) బొమ్మ చూడకుండా గీయడం రావాలి. పవర్ సర్క్యూట్, కంట్రోల్ సర్క్యూట్ వేరువేరుగా గీస్తే టెన్షన్ ఉండదు. స్టార్‌లో లైన్ కరెంటు, నేరుగా డెల్టాలో స్టార్ట్ చేస్తే వచ్చేదాంట్లో మూడో వంతే.

మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టేముందు మెయిన్ ఆపి, సప్లై లేదని టెస్ట్ ల్యాంపుతో చూడండి. తొందరలో ఈ పని వదిలేయొద్దు, దయచేసి.

గైడు కొనేటప్పుడు 2023 నాటి సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనలు ఉన్నాయో లేదో చూసుకోండి; పాతవాటిలో 2010వే ఉంటాయి.