నాన్నగారి రాతప్రతులు: పెట్టె తెరిచే ముందు

రచయిత పోయాక ఆయన కాగితాలకు చెదల కంటే ముందు తగిలే దెబ్బ ఇంట్లోవాళ్ల సర్దుడు. కట్టలు విప్పకముందే ఉన్నవి ఉన్నట్టు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. తేదీ వేయని కథ ఎప్పటిదో చాలాసార్లు పక్కనున్న కరెంటు బిల్లే చెబుతుంది. ఒకే కథకు మూడు చిత్తుప్రతులుంటే మూడూ ఉంచాలి. కొట్టివేతలున్నదాన్ని అసలు పారేయొద్దు. కాగితం వెనక మూలన పెన్సిల్‌తో కట్ట నంబరు వేయండి, బాల్‌పెన్ను వద్దు.

తర్వాత ఇనుము పని పట్టాలి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు వానాకాలపు చెమ్మకు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. లాగితే చిరుగుతుంది. వెనక మడిచిన కాళ్లను పలచటి చాకుమొనతో లేపి, నిటారుగా చేసి, అప్పుడు ముందువైపు నుంచి తీయాలి. చిరుగులకు సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు పసుపు మరకై ఉండిపోతుంది. లామినేషన్ ఇంకా ఘోరం, ఊడదీయడం మన తరం కాదు.

పురుగు కనిపిస్తే కట్టను జిప్ కవర్లో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పొద్దు. చల్లటి కాగితానికి చెమ్మ పట్టి ఫౌంటెన్ పెన్ను సిరా అలుక్కుపోతుంది. వేపాకు పెట్టేట్టయితే బాగా ఎండినది, గుడ్డమూటలో, పెట్టె మూలన. పేజీల మధ్య పెడితే మరకే.

స్కానింగ్ 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగుల్లో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా. మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో. డీటీపీ చేయించిన పాత పుస్తకాల పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు ఎక్కువగా యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉంటాయి. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు గల్లంతవుతుంటాయి, అచ్చు పుస్తకంతో అక్షరమక్షరం సరిచూడక తప్పదు.

ఇక హక్కులు. రచయిత బతికుండగా అచ్చయినవాటికి మనదేశంలో కాపీరైట్ ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 2004లో పోయినవారి పుస్తకాలకు 2064 చివరిదాకా ఉంటుంది. వీలునామా లేకపోతే అది వారసులందరిదీ, పెట్టె ఎవరింట్లో ఉంటే వాళ్లది కాదు. 1995 మే తర్వాత ప్రచురణకర్తకు హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది, కాబట్టి పాత ఒప్పందాలు ఒకసారి తిరగేయండి. నాన్నగారికి వచ్చిన ఉత్తరాల్లో కాగితం మీ సొత్తే గానీ, మాటలు రాసినవాళ్లవి. వాళ్లనో వాళ్ల వారసులనో అడక్కుండా అచ్చు వేయకూడదు. ఎవరైనా ఉచితంగా చదివి వాడుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం వికీసోర్స్‌కు పుస్తకాలు ఇవ్వాలనుకుంటే తోబుట్టువులందరి సంతకాలూ ముందే తీసుకోండి. అక్కడ పెట్టాలంటే ఇచ్చే స్వేచ్ఛా లైసెన్సు (ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి) ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు.