రిపేరు బల్ల మాటలు – 4వ పాఠం: ఫుల్ షార్టా, హాఫ్ షార్టా?

పోయిన పాఠంలో మొబైల్ ఫోను విడిభాగాల పేర్లు చూశాం. ఫోల్డర్ అంటే డిస్‌ప్లే, టచ్ అతికి ఉన్న జత. సీసీ అంటే చార్జింగ్ పిన్ను. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ కౌంటర్లో ఫోల్డర్ కావాలనుకుని ‘గ్లాస్’ అని అడిగితే పైఅద్దం ఒక్కటే చేతిలో పెడతారు. తప్పు వాళ్లది కాదు.

ఈసారి జబ్బుల పేర్లు. ‘అన్నా, సెట్టు షార్ట్ ఉంది’ అంటే, ఫోను బోర్డులో ప్లస్ లైను గ్రౌండుకు (మైనస్‌కు) అంటుకుందని. సీనియర్ వెంటనే అడిగేది, ‘ఫుల్లా, హాఫా?’ అని. జవాబు మీటరు చెప్పాలి.

బ్యాటరీ తీసేయండి. మల్టీమీటరును బజర్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబు బోర్డు గ్రౌండుకు, నల్ల ప్రోబు బ్యాటరీ కనెక్టరు ప్లస్సుకు ఆనించండి. బాగున్న బోర్డులో సాధారణంగా 300 నుంచి 600 మధ్య అంకె వస్తుంది. సున్నా దగ్గర ఆగి బీప్ కొట్టి, ప్రోబులు తారుమారు చేసినా బీప్ ఆగకపోతే అది ఫుల్ షార్ట్. అంకె 100 చుట్టూ ఉండి బీప్ రాకపోతే హాఫ్ షార్ట్ అని అనుమానించండి. బీప్ కోసమే చెవి పెట్టేవాళ్లకు ఇది దొరకదు.

అనుమానం డీసీ మెషిన్ (బ్యాటరీ బదులు బోర్డుకు కరెంటిచ్చే పెట్టె) మీద తీరుతుంది. 4 వోల్టులు పెట్టి, పవర్ బటన్ ముట్టుకోకుండా బోర్డుకు కలపండి. ఆంపియర్ల ముల్లు సున్నా మీదే ఉండాలి. ఊరికే 0.10 ఆంపియర్లు చూపిస్తే ‘కరెంటు తింటోంది’ అంటారు, అదే హాఫ్ షార్ట్. ఫుల్ షార్ట్‌లో వోల్టు కుప్పకూలి, ఆంపియర్లు మెషిన్ లిమిట్ దాకా ఎగబాకుతాయి. బటన్ నొక్కాకే ఒక్కసారిగా లాగితే మెయిన్ లైను (బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది) కాదు, పవర్ ఐసీ (కరెంటును మిగతా భాగాలకు పంచే చిప్పు) దాటిన లైన్లలో వెతకండి.

ఇక పాడైన భాగాన్ని పట్టే ‘రోజిన్ కొట్టడం’. రోజిన్ అంటే సోల్డరింగ్‌లో వాడే గట్టి జిగురు. వేడి ఐరన్ మొనకు రోజిన్ తగిలించి, ఆ పొగ బోర్డు మీద తెల్లగా పట్టేలా చేయండి. మెయిన్ లైనుకు 1 వోల్టుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, 4 దాటొద్దు. లిమిట్ 2 ఆంపియర్లు చాలు. పాడైన భాగం వేడెక్కి, దాని మీద తెలుపు కరిగి నల్ల చుక్క తేలుతుంది. సీపీయూ కోర్ లైనులో (సీపీయూకు కరెంటిచ్చేది) మాత్రం 1 వోల్టు మించితే సీపీయూయే పోతుంది. ఆ లైను మామూలుగా నడిచేదే అంతలో. ‘కొంచెం ఎక్కువ పెడితే త్వరగా కరుగుతుంది’ అనే సలహా వినకండి.

తెలుపు కరిగింది కెపాసిటర్ మీదైతే దాన్ని తీసేసి మళ్లీ మీటరు పెట్టండి. బీప్ పోతే పని దొరికినట్టే. లైనుకూ గ్రౌండుకూ మధ్య ఉన్న చిన్న కెపాసిటర్ ఒకటి లేకున్నా సెట్టు చాలాసార్లు ఆన్ అవుతుంది, అయినా అదే విలువది వేయడమే పద్ధతి. నెట్‌వర్క్ పీఏ ఐసీ (సిగ్నల్ బలం పెంచే చిప్పు) మీద తెలుపు కరిగిందా? అదీ నేరుగా బ్యాటరీ లైను మీదే ఉంటుంది. తీసేస్తే సెట్టు లేస్తుంది, సిగ్నల్ రాదు. ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పి పని పట్టండి.

అభ్యాసం: మూడు పాత బోర్డులు తెచ్చి, ప్రోబులు తారుమారు చేసి రెండు విధాలా వచ్చిన అంకెలు రాసుకోండి. వచ్చే పాఠం జంపర్ (తెగిన లైనును కలిపే సన్న వైరు) గురించి, ఆ అంకెలు అక్కడ కావాలి.