తేదీ, టైమ్ కాలమ్‌ను పూటలుగా, వారాలుగా విడగొట్టడం ఎలా?

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి వైపు ఏ కిరాణా బిల్లుల ఫైలు తెరిచినా తేదీ, టైమ్ ఒకే గడిలో ఉంటాయి: 15/03/2023 18:30. దాన్ని అలాగే పెట్టి లెక్క తీస్తే ప్రతి బిల్లూ ఒక గుంపే. గిరాకీ ఏ పూట ఉందో తేలదు. అసలు కాలమ్ జోలికి పోకుండా, పక్కన వారం (సోమ, మంగళ లాంటి రోజు పేరు), పూట, సీజన్ అని మూడు కాలమ్‌లు పెట్టుకోండి.

ముందు అది నిజంగా తేదీయేనా చూడాలి. ఎక్సెల్‌లో ఫార్మాట్‌ను జనరల్‌కు మారిస్తే పై గడి 45000.77 అని కనిపించాలి. మారలేదంటే అది ఉత్త టెక్స్ట్. కారణం కొన్నిసార్లు దేవనాగరి అంకెలు (గుణుపురం, పర్లాకిమిడి వైపైతే ఒడియా అంకెలు). ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పది అంకెలూ మార్చేయండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో (ముందు నెల, తర్వాత రోజు) ఉంటే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతుంది, 13 నుంచి పై తేదీలు టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. తప్పుపడ్డవి చూడ్డానికి మంచి తేదీల్లాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూల ఫైలును మళ్లీ ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్‌కు డీఎంవై (DMY, అంటే రోజు, నెల, ఏడాది వరస) ఎంచుకోవడమే మందు.

సాయంత్రం 6.30 బిల్లులు మధ్యాహ్నం 1.00కి పడుతున్నాయా? యాప్ యూటీసీ టైమ్ ఇచ్చింది, అది మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. ఎక్సెల్‌లో రోజంటే 1 కాబట్టి 5.5/24 కలపండి.

పూటకు చిన్న పట్టిక చాలు: 0 రాత్రి, 5 పొద్దున, 11 పగలు, 16 సాయంత్రం, 21 రాత్రి. హవర్ ఫంక్షన్‌తో గంట తీసి, వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌లో చివరి విలువ ట్రూ ఇవ్వండి. అంకెలు చిన్న నుంచి పెద్దకే ఉండాలి. సరిగ్గా 16:00 బిల్లు సాయంత్రంలోకే పోతుంది. రాత్రి రెండుసార్లు రాసింది కావాలనే, అర్ధరాత్రి దగ్గర గుంపు తెగకూడదు.

సీజన్‌ను మూడేసి నెలలుగా కోయకండి. తునికాకు కోసే ఎండాకాలం వేరు, విత్తనాలు కొనే జూన్ వేరు.

వారానికి వీక్‌డే ఫంక్షన్‌లో రెండో విలువ 2 ఇస్తే సోమవారం 1 అవుతుంది. ఇవ్వకపోతే ఆదివారం 1. పైథాన్ వాళ్లు వాడే పాండాస్‌లోనైతే సోమవారం 0, రెండూ కలిపితే అంగడి (వారపు సంత) రోజు పక్కకు జరుగుతుంది. ఆ అంకెను కూడకండి, సగటు తీయకండి, అది పేరు మాత్రమే. ఇక అమ్మకాల మొత్తాలు పోల్చొద్దు: 31 రోజుల నెలలో మూడు వారాలు ఐదేసిసార్లు, మిగతా నాలుగు నాలుగేసిసార్లు వస్తాయి. అంగడి రోజు మొత్తాన్ని ఆ నెలలో ఎన్ని అంగళ్లు జరిగాయో దానితో భాగించి, అప్పుడు మిగతా రోజుల పక్కన పెట్టండి.