తక్కువ ధర టైరు మంచిదో కాదో, అల్లాయ్ చక్రానికి సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

భీమవరమైనా రావులపాలెమైనా, టైర్ల దుకాణంలో మనం మొదట అడిగేది "జత ఎంత?" అనే. ఆ ప్రశ్నను చివరికి వాయిదా వేయండి. కారుకు చవక టైరు వేయించడం తప్పు కాదు. కొలత తప్పిన టైరు, దుకాణంలో ఏళ్ల తరబడి నిలవ ఉన్న టైరు, వాన నీటిని బయటికి తోయలేని టైరు వేయించడమే తప్పు. ఈ మూడూ ధరతో నిమిత్తం లేకుండా కంటితో చూసి తెలుసుకోగలిగినవే.

మొదటి పని: కారుకు కావలసిన కొలత రాసుకోవడం

డ్రైవరు తలుపు తెరిస్తే తలుపు చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కంపెనీ ఆ కారుకు నిర్ణయించిన టైరు కొలత, పెట్టవలసిన గాలి అందులో ఉంటాయి. ఉదాహరణకు 185/65 ఆర్15 88 హెచ్ అని ఉందనుకుందాం. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం ఎత్తున పక్క గోడ ఉంటుందని. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఇంతవరకు అందరూ చూస్తారు, తర్వాతి 88 హెచ్‌ను మాత్రం వదిలేస్తారు.

88 అనేది బరువు సూచిక. ఆ టైరు ఒక్కొక్కటి 560 కిలోలు మోయగలదని అర్థం. 87 అయితే 545 కిలోలు, 91 అయితే 615. హెచ్ వేగాన్ని సూచిస్తుంది, గంటకు 210 కిలోమీటర్లు. కాలువ గట్ల మీద ఆ వేగం ఎవరికీ అక్కర్లేదు గానీ, టైరు వేడిని ఎంతవరకు తట్టుకుంటుందో కూడా ఆ అక్షరమే చెబుతుంది. పెళ్లికి ఐదుగురిని ఎక్కించుకుని, డిక్కీలో బియ్యం బస్తా, మామిడికాయల గంప వేసుకుని మే నెల ఎండలో బయలుదేరే కారుకు ఈ రెండూ అవసరమే. కొత్త టైరుపై ఈ సూచికలు స్టిక్కరు మీద ఉన్నదానితో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

రెండో పని: టైరు వయసు చూడడం

టైరు పక్క గోడ మీద 'డాట్' అనే మూడు ఇంగ్లిషు అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి కాబట్టి తిప్పి చూడండి. ఐఎస్‌ఐ గుర్తు, దానితో పాటు ఐఎస్ 15633 అనే ప్రమాణం సంఖ్య కూడా వెతకండి. 2020 జూన్ నుంచి కార్లకు కొత్త టైర్ల దిగుమతిపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అందుచేత ఎన్నడూ వినని విదేశీ పేరుతో టైరు చూపిస్తే అది ఆంక్షలకు ముందు వచ్చిన పాత నిలవ కావచ్చు, తయారీ తేదీని ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. ఎమ్మారెఫ్, అపోలో, సియెట్, జేకే లాంటి మన కంపెనీలకే తక్కువ ధర రకాలుండగా అంత సాహసం ఎందుకు?

మూడో పని: టైరు మీది గాళ్లు (గాడులు) చూడడం

గోదావరి డెల్టాలో టైరుకు అసలు పరీక్ష వానాకాలంలోనే అనుకోకండి. ఆక్వా చెరువుల నుంచి చేపలు, రొయ్యలు తీసుకుపోయే లారీలు ఐసు కరిగిన నీటిని దారి పొడవునా కారుస్తూ పోతాయి. ఆ నీటిలో జిగురు ఉంటుంది. వేసవి ఉదయం కూడా రోడ్డు మీద తడి చార కనిపిస్తుంది. దమ్ము చక్రాల ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కితే నల్లమట్టి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి. వీటన్నిటి మీదా బ్రేకు పడాలి.

అందుకే టైరు చుట్టూ తిరిగే మూడు నాలుగు వెడల్పాటి గాళ్లు ఉన్నాయో లేదో, వాటి నుంచి అంచుదాకా అడ్డంగా చీలికలు పోతున్నాయో లేదో చూడండి. నీరు పోయే దారి అదే. గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న అడ్డకట్టలు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అడ్డకట్టలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. నన్నడిగితే మన దారుల్లో అంతదాకా ఆగకూడదు, లోతు 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే, తొలకరికి ముందే మార్చేయాలి.

వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందని దుకాణంలో చెబుతారు. పొడి రోడ్డు మీద కొంత నిజం. నిలిచిన నీటిలో వేగంగా పోయేటప్పుడు మాత్రం వెడల్పాటి టైరే త్వరగా నీటి మీద తేలిపోతుంది.

నాలుగో పని: అల్లాయ్ లెక్క

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. బోల్టు రంధ్రాలు కలిస్తే చక్రం సరిపోయినట్టే అనుకుంటారు. అల్లాయ్‌ను (ఇనుముకు బదులు అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాన్ని) తిరగేసి లోపలి వైపు చూడండి. 15×6జె, ఈటీ 45 వంటి గుర్తులు పోత పోసి ఉంటాయి. 6 అంటే రిమ్ము వెడల్పు ఆరు అంగుళాలు. 185/65 ఆర్15 టైరుకు 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము వరకు సరిపోతుంది. 7 అంగుళాల రిమ్ము మీదికి లాగి ఎక్కిస్తే టైరు ఎక్కుతుంది గానీ, దాని పక్క గోడ లోపలికి వాలి అల్లాయ్ అంచు బయటపడుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే మనం తారు దిగి మార్జిన్‌లోకి తప్పుకుంటాం. మళ్లీ ఎక్కేటప్పుడు తారు అంచు కోసుకునేది ఎడమ చక్రాలనే. ఆ దెబ్బకు పక్క గోడ లోపలి దారాలు తెగి కోడిగుడ్డంత ఉబ్బు లేస్తుంది. అలాంటి టైరుకు మరమ్మతు లేదు.

రిమ్ము పెద్దదైతే పక్క గోడ పొట్టిది కావాలి, మొత్తం చక్రం ఎత్తు మాత్రం మారకూడదు. లెక్క సులువు: వెడల్పును శాతంతో గుణించి రెట్టింపు చేయండి, దానికి రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి కలపండి. 165/80 ఆర్14కు 619.6 మిల్లీమీటర్లు వస్తుంది. 185/65 ఆర్15కు 621.5, 195/55 ఆర్16కు 620.9. మూడూ దాదాపు ఒకటే. అదే 205/65 ఆర్15 వేస్తే 647.5, అంటే నాలుగు శాతానికి పైగా ఎక్కువ. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, పూర్తిగా స్టీరింగు తిప్పితే టైరు లోపల రాసుకునే అవకాశం ఉంటుంది. ఎత్తు కలిసినా బరువు సూచికను మరచిపోవద్దు. 195/55 ఆర్16 టైర్లు తరచూ 87 సూచికతో వస్తాయి. మీ కారు 88 అడుగుతుంటే కొలత కుదిరినా టైరు కుదరనట్టే.

ఈటీ అంటే హబ్‌కు (కారు వైపు చక్రాన్ని బిగించే మధ్య దిమ్మకు) చక్రం ఆనే తలం రిమ్ము మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో చెప్పే కొలత. 45 బదులు 35 పెడితే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, మడ్‌గార్డు అంచు దగ్గరపడుతుంది, బేరింగుల మీద భారం మారుతుంది. పీసీడీ 4×100 అంటే నాలుగు బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే తగిన రింగు వేయించుకోవాలి, లేకపోతే వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుంది.

పాత అల్లాయ్ కొంటుంటే టైరు కూర్చునే అంచును వేలితో తడిమి చూడండి. నరసాపురం, అంతర్వేది వైపు తిరిగిన కార్ల చక్రాలకు ఉప్పు గాలి వల్ల అక్కడ తెల్లటి పొడి లేచి, గరుకుగా ఉండవచ్చు. గాలి రాత్రికి రాత్రి కొద్దికొద్దిగా దిగిపోవడానికి చాలాసార్లు అదే కారణం, పంక్చర్ కాదు. కొత్త టైరు ఎక్కించే ముందే ఆ అంచును శుభ్రం చేయించండి. పగులు ఉన్నా, వెల్డింగ్ చేసిన గుర్తు కనిపించినా ఆ చక్రం మాట మరచిపోండి.

బిగించేటప్పుడు

దగ్గరే నిలబడండి. కొత్త వాల్వు వేయించండి, పాతది మిగిల్చి ఆదా చేసేది ఏమీ లేదు. టైరు మీద బాణం గుర్తు ఉంటే అది కారు ముందుకు పోయే దిశలో తిరగాలి, 'అవుట్‌సైడ్' అని ఉన్న వైపు బయటికి రావాలి. రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనుక వేయించండి. ముందు వేయమని చాలామంది అడుగుతారు. తడి మలుపులో వెనుక చక్రాలు పట్టు వదిలితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని మళ్లీ దారికి తేవడం మామూలు డ్రైవరు వల్ల కాదు. బ్యాలెన్సింగ్‌కు అల్లాయ్ అంచుకు కొట్టే బరువులు కాకుండా లోపల అంటించేవి అడగండి. గాలి తలుపు స్టిక్కరు ప్రకారమే పెట్టించండి, టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠ పరిమితి మాత్రమే.

నట్లను ఎదురెదురుగా, కొలిచి బిగించే రెంచితో బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూపించుకోవాలి. కొన్ని అల్లాయ్‌లకు నట్లు వేరేగా వస్తాయి, స్టెప్నీ మాత్రం ఇనుప చక్రమే అయి ఉంటుంది. అల్లాయ్ నట్టు దానికి సరిగ్గా కూర్చోకపోవచ్చు. దుకాణంలోనే స్టెప్నీని ఒకసారి ఎక్కించి చూసుకుని, పాత నట్లను సంచిలో కట్టి జాకీ పక్కన పెట్టించుకోండి.