సామాజిక పరిశోధన నేర్చుకుందాం – 4: సర్వే అంకె పుట్టిందెక్కడ?

కిందటి పాఠంలో మనమే ప్రశ్నావళి రాశాం. ఇప్పుడు ఇంకొకరి సర్వేను పరీక్షిద్దాం. "72 శాతం మంది ఇలా అనుకుంటున్నారు" అని నెట్‌లో కనిపించిందనుకోండి. వ్యాసంలో వాడొచ్చా?

ఆ పేజీనే పట్టుకుని కూర్చోకండి. పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, సర్వే చేసిన సంస్థ పేరు వెతకండి. దాని గురించి ఇతరులు ఏం రాశారు, డబ్బు ఎవరిచ్చారు? తర్వాత అంకె మూలానికి వెళ్లండి. వార్త నుంచి ప్రెస్ నోట్‌కి, అక్కణ్ణుంచి అసలు నివేదికకి. అదే అంకె పది సైట్లలో ఉన్నా, అన్నీ ఒకే ప్రెస్ నోట్ నుంచి ఎత్తినవైతే అది ఒక్క ఆధారమే. రెండు సైట్లు ఒకదాన్నొకటి చూపిస్తూ తిప్పుతుంటే ఆ అంకెను వదిలేయండి.

నివేదిక దొరికితే నేరుగా చివరనుండే "పద్ధతి" భాగానికి వెళ్లండి. చాలామంది అక్కడ ఎంతమందిని అడిగారో చూసి తృప్తిపడతారు. అసలు చూడాల్సింది వాళ్లను ఎలా ఎంచుకున్నారన్నది.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చెప్పింది. కానీ అతని ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నవి. మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లెవరో ఊహించండి. పైగా జవాబు రాయని ముప్పావు వంతు మంది అభిప్రాయం వేరుగా ఉండొచ్చన్న లెక్కే లేదు. అంతకంటే ఎంతో తక్కువ మందిని అడిగి, సర్వే నిపుణుడు జార్జ్ గ్యాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. ఇష్టమున్నవాళ్లు వచ్చి నొక్కిపోయే ఆన్‌లైన్ పోల్‌దీ ఇదే జబ్బు.

ఎంపిక యాదృచ్ఛికమైతేనే, అంటే లాటరీ తీసినట్టు జరిగితేనే, పొరపాటు హద్దు (అసలు అంకె సర్వే అంకెకు ఎంత అటూ ఇటూగా ఉండొచ్చన్నది) లెక్కకు అర్థం ఉంటుంది. మోటు సూత్రం: 1ని నమూనా సంఖ్య (ఎంతమందిని అడిగారో ఆ సంఖ్య) వర్గమూలంతో భాగించండి. 400 మందికి ±5 శాతం, 1000 మందికి ±3. ఇక్కడే ఒక మోసం దాగుంటుంది. వెయ్యిమందిలో యువత 120 మందే అయితే, "యువతలో 58 శాతం" అన్నదానికి హద్దు ±9. శీర్షికలకెక్కేవి ఎక్కువగా ఇలాంటి ముక్కలే.

ఎలా ఎంచుకున్నారో, ఏ ప్రశ్న అడిగారో నివేదికలో యథాతథంగా ఇవ్వకపోతే "పద్ధతి దొరకలేదు" అని నోట్సులో రాసుకుని, ఆ అంకెను వాదనకు ఆధారంగా వాడకండి.

అభ్యాసం: ఈ వారం కనిపించిన ఒక సర్వే వార్త తీసుకోండి. ఎవరిని, ఎలా, ఎప్పుడు, ఏ మాటలతో అడిగారో నాలుగు వరుసల్లో రాయండి. దొరకని గడిని ఖాళీగానే ఉంచండి.