బృందగాన సంఘానికి కేంద్ర గ్రాంటు తెచ్చుకోవడం ఎలా

వారానికి రెండు సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లోనో గుడి మండపంలోనో చేరి పాడుకునే ముప్పై మంది ఎంత బాగా పాడినా, రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రభుత్వ గ్రాంటు రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘం పెట్టుకోవచ్చు. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఆశయాలు రాసేటప్పుడు సంగీత శిక్షణ, ప్రదర్శన అనే మాటలు తప్పక ఉండాలి. చాలా సంఘాలు "సాంఘిక సేవ" అని రాసి ఊరుకుంటాయి. తర్వాత సంగీతం పేరుతో దరఖాస్తు పెట్టినప్పుడు అదే అడ్డం పడుతుంది.

తర్వాత సంఘం పేరు మీద పాన్, ఇద్దరు సంతకాలు పెట్టే బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు. మూడింట్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట "శ్రీ" ఉండి ఇంకోచోట లేకపోయినా డబ్బు జమ కాకుండా ఆగిపోతుంది. ఏటా ఆడిట్ చేయించాలి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. గ్రాంటుకు మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు కాబట్టి, ఈ ఏడు మొదలుపెట్టిన సంఘం ఈ ఏడే దరఖాస్తు పెట్టి లాభం లేదు.

కేంద్ర సాంస్కృతిక శాఖ నడిపే కళా సంస్కృతి వికాస్ యోజనలో రెండు పద్దులు మన కంట పడతాయి. ఒకటి గురు-శిష్య పరంపర గ్రాంటు. అది గురువుకూ శిష్యులకూ నెలనెలా భృతి ఇచ్చేది. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం పాడేవాళ్లకు అది నప్పదు. రెండోది కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్. వర్క్‌షాపు, ఉత్సవం, కొత్త ప్రదర్శన వంటి ఒక్కో ప్రాజెక్టుకు మామూలుగా 5 లక్షల దాకా ఇస్తారు. మా సలహా దీనికే వెళ్లమని. ఏటా నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే లెక్క వేయండి.

అసలు పని ఈ లెక్కలోనే ఉంది. ఆమోదించిన ఖర్చులో గ్రాంటు 75 శాతం దాటదు, మిగతాది సంఘం వాటా. ఆ గ్రాంటూ ఒకేసారి రాదు. ముందు 75 శాతం, కార్యక్రమం అయి లెక్కలు ఒప్పుకున్నాక 25 శాతం. 12 వారాల శిక్షణ, రెండు కచేరీలు కలిపి 3,20,000 రూపాయల బడ్జెట్ అనుకుందాం. గ్రాంటు 2,40,000. మొదట చేతికి వచ్చేది 1,80,000. అంటే మిగతా 1,40,000 సంఘం దగ్గర ఉండాలి. అందులో 80,000 సొంత వాటా, 60,000 తర్వాత తిరిగి వచ్చేది. ఈ 60,000 లెక్కలో వేసుకోని సంఘాలు కచేరీ అయ్యాక హాలు వాళ్లకూ తబలా వాద్యకారుడికీ బాకీ పడతాయి. బాగా పాడే బృందాలు విడిపోవడానికి ఇదొక కారణం, చూస్తే బాధేస్తుంది.

బడ్జెట్‌లో ప్రతి అంకెకూ వెనక గుణకారం ఉండాలి. "శిక్షణ 60,000" అని కాకుండా "24 తరగతులు, తరగతికి 2,500" అని రాయండి. హాలు, వాద్యకారులు, స్వరలిపి ప్రతుల ముద్రణ, రవాణా, ఆడిట్ రుసుము అన్నీ అలాగే. మైకు సెట్‌కు కొటేషన్ తీసుకునేటప్పుడు ముప్పై మందికి ముప్పై మైకులు ఒప్పుకోకండి. బృందం ముందు స్టాండ్ల మీద నాలుగు కండెన్సర్ మైకులు, సోలోకు ఒకటి, వాద్యాలకు రెండు సరిపోతాయి. సౌండ్ సిస్టమ్ కొనడం ఇందులో పెట్టొద్దు. ఇది కార్యక్రమం ఖర్చుకు ఇచ్చే డబ్బు, అద్దె రాయండి.

ప్రాజెక్టు వివరణలో బృందగానం అంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. లేకపోతే చదివేవాళ్లు భజన మండలి అనుకుంటారు. సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ తన బృందగాన సంస్థ మద్రాస్ యూత్ కాయర్‌తో చూపిన పద్ధతిలో ఒక్కో వర్గం గాయకులకు ఒక్కో స్వరం విడదీసి పాడతారా, అందరూ ఒకే స్వరం పాడతారా చెప్పండి. పాటల జాబితా, గాయకుల వయసులు, అయిదు నిమిషాల ఎడిట్ చేయని వీడియో జతచేయండి. వీడియోలో బృందం మొత్తం కనబడాలి.

మంజూరు ఉత్తర్వు రాకముందు పెట్టిన ఖర్చును గ్రాంటులో చూపకూడదు. బిల్లులన్నీ సంఘం పేరు మీదే ఉండాలి, చెల్లింపులు బ్యాంకు ద్వారా జరగాలి. కార్యదర్శి జేబులోంచి ఇచ్చి తర్వాత తీసుకుంటానంటే ఆడిటర్ ఒప్పుకోడు. పని అయ్యాక గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం, కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో ఇవ్వాలి, దాని మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం ఉండాలి. గ్రాంటు డబ్బుపై ఖాతాలో వచ్చిన వడ్డీ సంఘానిది కాదు, భారత సంచిత నిధికి తిరిగి కట్టాలి. పాత వినియోగ పత్రం బాకీ ఉండగా కొత్త గ్రాంటు ఆశించొద్దు.

సొంత వాటాకు చాలామంది అమెరికాలో ఉన్న బంధువులను అడుగుతారు. వాళ్లది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపినప్పుడు ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని సంఘం ఆ డబ్బు ఒక్క రూపాయి తీసుకున్నా చట్టవిరుద్ధమే. ఎవరి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో అడిగి తెలుసుకున్నాకే ఖాతా నంబరు ఇవ్వండి.